వారానికి 48 గంటల పని: ఎలా వచ్చింది, ఎందుకు అక్కడే ఆగింది? తరచుగా అడిగే ప్రశ్నలు

రోజుకి పది గంటలు, వారానికి 70 గంటలు, నాలుగు రోజుల వారం అంటూ ఈ మధ్య రకరకాల మాటలు వినిపిస్తున్నాయి. వాటి వెనక ఉన్న చరిత్ర గురించి ఎక్కువ మంది అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎక్కువగా మన దేశం గురించే, అందులోనూ ఫ్యాక్టరీల గురించే రాశాను, ఎందుకంటే పనిగంటలకి చట్టం లెక్క కట్టడం మొదలైంది అక్కడే.

ముందు ఒక్క ముక్కలో చెప్పండి, మన పని వారం ఎలా మారుతూ వచ్చింది?

1911 చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో మగవాళ్ళకి రోజుకి 12 గంటలు, ఆరు రోజులు, అంటే వారానికి 72. 1922లో అది 60 అయింది. 1934లో 54. 1946లో 48. ఇప్పుడూ 48.

నేను ఈ విషయం మీద రాయడానికి కారణమే ఈ వరస. 35 ఏళ్ళలో వారానికి 24 గంటలు తగ్గాయి, అదీ పరాయి పాలనలో, ఓటు హక్కు కూడా లేని కార్మికులు కొట్లాడితే. ఆ తర్వాతి 80 ఏళ్ళలో చట్టంలో ఒక్క గంట కూడా తగ్గలేదు. యంత్రాలు మారాయి, కంప్యూటర్లు వచ్చాయి, ఒక మనిషి రోజుకి తీసే ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది, ఆ 48 మాత్రం కదల్లేదు.

ఫ్యాక్టరీలు రాకముందు మనవాళ్ళు ఇంతకంటే ఎక్కువే కష్టపడేవాళ్ళు కదా?

కొన్ని రోజుల్లో ఇంతకంటే చాలా ఎక్కువ, కొన్ని రోజుల్లో దాదాపు ఏమీ ఉండదు. నాట్లప్పుడు, కోతలప్పుడు తెల్లారకముందే లేచి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు, ఎండాకాలం వచ్చేసరికి చేలన్నీ ఖాళీ. అమావాస్య నాడు అరక కట్టకపోవడం, మగ్గం ఆపెయ్యడం చాలా ఊళ్ళలో ఆనవాయితీ. పని కార్తెల లెక్కన నడిచేది కానీ వారాల లెక్కన కాదు.

అలాగని ఆ రోజుల్ని పొగడటం అన్యాయం. ఉగాదికి జీతం కుదిరిన పాలేరుకి కోడి కూసే వేళ పశువుల కొట్టం దగ్గర మొదలైతే, రాత్రి వాటికి మేత వేసేదాకా పనే. తెలంగాణలో వెట్టి చేసిన కులాలకి కబురొస్తే వెళ్ళడమే, ఎన్ని గంటలు అని అడిగే దిక్కు లేదు. ఫ్యాక్టరీ తెచ్చిన తేడా ఏమిటంటే, కోతల రోజుల్లో పడే ఆ కష్టాన్ని ఏడాది పొడవునా, ప్రతి రోజూ, యంత్రం వేగంతో చేయమంది.

ఇంగ్లండులో కూడా ఇదే జరిగింది. అక్కడి చేతిపనివాళ్ళు సోమవారం పనికి రాకుండా ఉండటం పాత అలవాటు, దానికి సెయింట్ మండే అని పేరు కూడా పెట్టుకున్నారు. మిల్లులు వచ్చాక ఆ సోమవారం మెల్లగా పోయింది. 1850 చట్టంతో బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళకీ, చిన్న వయసు వాళ్ళకీ శనివారం మధ్యాహ్నం 2 గంటలకే పని ఆపాల్సి వచ్చింది. వీకెండ్ అని మనం అనుకునేదానికి మొదలు ఆ శనివారం మధ్యాహ్నమే.

బొంబాయి మిల్లుల్లో మొదట్లో పరిస్థితి ఎలా ఉండేది?

పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా. ఎండాకాలం పగలు పెద్దది కాబట్టి పని ఎక్కువ, చలికాలం కాస్త తక్కువ. అంటే పనిగంటలు నిర్ణయించేది సూర్యుడూ, మిల్లు యజమానీ. మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది, అది పెద్దవాళ్ళ జోలికి వెళ్ళనే లేదు. యంత్రశక్తితో నడుస్తూ వంద మంది పైగా పనిచేసే చోట్ల ఏడేళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదు, ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలతో రోజుకి తొమ్మిది గంటలకి మించి చేయించకూడదు, వాళ్ళకి నెలకి నాలుగు రోజులు సెలవు ఇవ్వాలి. అంతే. ఏడేళ్ళ పిల్లాడితో తొమ్మిది గంటలు చేయించడం చట్టం దృష్టిలో సంస్కరణ అయిందంటే, అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోండి.

ఆదివారం సెలవు బ్రిటిష్ వాళ్ళు మనకి ఇచ్చిందే కదా?

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. బ్రిటిష్ ఆఫీసుల్లో ఆదివారం సెలవు ఉన్న మాట నిజమే, మిల్లు కార్మికుడికి మాత్రం దాన్ని ఎవరూ ఇవ్వలేదు. ఆ సెలవు వెనక నారాయణ్ మేఘాజీ లోఖండే అనే మనిషి ఉన్నాడు. జ్యోతిరావు ఫూలే సహచరుడు, దీనబంధు పత్రిక నడిపినవాడు. 1884 సెప్టెంబరులో బొంబాయిలో కార్మికుల సభలు పెట్టి ఒక విన్నపం తయారుచేశాడు, దాని మీద దాదాపు 5,500 మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. అందులో అడిగినవి చూడండి: ఆదివారం పూర్తి సెలవు, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి, పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టి సూర్యాస్తమయానికి ఆపడం, చేసిన నెల జీతం మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వడం, పనిలో దెబ్బ తగిలితే కోలుకునేదాకా జీతం. అప్పట్లో మిల్లు ఆగిన రోజున కూడా కార్మికుల్ని యంత్రాలు తుడవడానికి రమ్మనేవాళ్ళు, దాంతో సగం రోజు దానికే పోయేది. పూర్తి సెలవు అని పట్టుబట్టింది అందుకే.

ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్ 24న దాదాపు పదివేల మందితో సభ జరిగింది, అందులో ఇద్దరు మహిళా కార్మికులు కూడా మాట్లాడారు. చివరికి ఆ ఏడాది జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారానికి ఒక రోజు సెలవుకి ఒప్పుకుంది. మరుసటి ఏడాది చట్టంలో వారపు సెలవు చేరింది, ఆడవాళ్ళకి రోజుకి 11 గంటల హద్దు కూడా అప్పుడే వచ్చింది. 2005లో లోఖండే పేరిట తపాలా బిళ్ళ వేశారు. మన బడి పుస్తకాల్లో ఆయన గురించి కనీసం ఒక పేరా అయినా ఉండాలి.

మన ఫ్యాక్టరీ చట్టాలు మాంచెస్టర్ మిల్లుల ఒత్తిడితో వచ్చాయంటారు, నిజమేనా?

చాలావరకు నిజమే. బొంబాయిలో మిల్లులు పెరుగుతుంటే మాంచెస్టర్ చుట్టుపక్కల ఉన్న లంకషైర్ ప్రాంతపు మిల్లు యజమానులకి భయం పట్టుకుంది, ఇక్కడ చవగ్గా, గంటల హద్దు లేకుండా పని చేయించుకుంటున్నారు కాబట్టి మా సరుకు అమ్ముడుపోదని లండన్‌లో ఒత్తిడి తెచ్చారు. అందుకే మన దగ్గర చాలామంది జాతీయవాదులు మొదటి ఫ్యాక్టరీ చట్టాన్ని వ్యతిరేకించారు, దేశీయ పరిశ్రమని దెబ్బతీసే కుట్ర అన్నారు. లంకషైర్ స్వార్థం వాళ్ళది, బొంబాయి యజమానుల స్వార్థం వీళ్ళది. ఆ రెండిటి మధ్య కార్మికుల కోసమే కార్మికుల్ని కూడగట్టినవాళ్ళు చాలా తక్కువ. లోఖండే గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

కరెంటు దీపాలకీ పనిగంటలకీ సంబంధం ఏమిటి?

సూర్యుడు దిగిపోతే పని ఆగేది కదా, ఆ ఒక్క హద్దునీ కరెంటు బల్బు తీసేసింది. 1905 ప్రాంతంలో బొంబాయి మిల్లుల్లో విద్యుద్దీపాలు విరివిగా వచ్చాయి, అదే సమయంలో బట్టకి గిరాకీ కూడా బాగా ఉంది, దాంతో పని పదమూడు, పద్నాలుగు గంటలకి, కొన్నిచోట్ల అంతకుమించి సాగింది. కార్మికులు తిరగబడ్డారు, ప్రభుత్వం విచారణ వేసింది, 1908లో ఫ్యాక్టరీ కమిషన్ నివేదిక వచ్చింది, చివరికి 1911 చట్టం బట్టల మిల్లుల్లో పెద్దవాళ్ళకి 12 గంటల హద్దు పెట్టింది. మన దేశంలో వయోజనుడైన మగ కార్మికుడికి చట్టం గీసిన మొదటి గీత అదే. కొత్త టెక్నాలజీ వస్తే పని తగ్గుతుందని మనం అనుకుంటాం. బల్బు విషయంలో మాత్రం ముందు పని పెరిగింది, అది తగ్గడానికి గొడవ చేయాల్సి వచ్చింది. చేతిలో ఫోన్, ఇంట్లో ల్యాప్‌టాప్ వచ్చాక ఐటీ ఉద్యోగికి జరిగింది కూడా ఇదే, రాత్రి పదింటికి కాల్ పెట్టగలిగారు కాబట్టి పెట్టారు.

1919లో ప్రపంచమంతా ఎనిమిది గంటలు అంటే మనకి 60 ఎందుకు పెట్టారు?

ఎనిమిది గంటల కోరిక అప్పటికే పాతది. బ్రిటన్‌లో మిల్లు యజమానీ, సంస్కర్తా అయిన రాబర్ట్ ఓవెన్ 1817లోనే ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి అన్నాడు. మెల్‌బోర్న్‌లో రాతిపని చేసే మేస్త్రీలు 1856లో పని ఆపి మరీ సాధించుకున్నారు. మన దగ్గర హౌరా రైల్వే కార్మికులు 1862లో ఎనిమిది గంటల కోసం సమ్మె చేశారు, షికాగో మేడే కంటే 24 ఏళ్ళ ముందు. 1886లో ఎనిమిది గంటల కోసం షికాగోలో జరిగిన పోరాటం సంగతి అందరికీ తెలిసిందే, మేడే వచ్చింది దాన్నుంచే.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, రష్యాలో విప్లవం వచ్చాక, ప్రభుత్వాలకి కార్మికులంటే భయం మొదలైంది. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశం చేసిన మొదటి ఒప్పందమే రోజుకి ఎనిమిది, వారానికి 48 గంటలు. ఆ ఒప్పందంలోనే భారతదేశానికి వేరే నిబంధన రాశారు: ఇక్కడ 60 గంటలు చాలు అని. మన కార్మికుల తరఫున అక్కడికి వెళ్ళింది కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి. (తర్వాత 1927లో జెనీవా సమావేశానికి కార్మిక ప్రతినిధిగా వెళ్ళింది మన వి.వి. గిరి.)

60 కూడా ఊరికే రాలేదు. 1920 జనవరిలో బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకి దిగి పది గంటల రోజు సాధించుకున్నారు, 1922 చట్టం ఆ తర్వాతే రోజుకి 11, వారానికి 60 అని రాసింది. 1923లో మద్రాసు సముద్రం ఒడ్డున కార్మిక నాయకుడు సింగారవేలు మన దేశంలో మొదటి మేడే జరిపేనాటికి మన హద్దు ఇంకా ఆ 60 దగ్గరే ఉంది.

మన తెలుగు ప్రాంతాల్లో ఈ చట్టాలు అమలయ్యాయా?

మద్రాసు ప్రెసిడెన్సీ వైపు కాగితం మీద అమలయ్యాయి, కానీ ఒక మెలిక ఉంది. 1934 చట్టం ఫ్యాక్టరీల్ని రెండు రకాలు చేసింది. ఏడాదంతా నడిచేవాటికి రోజుకి 10, వారానికి 54. సీజన్‌లో మాత్రమే నడిచేవాటికి రోజుకి 11, వారానికి 60. పత్తి జిన్నింగు (గింజ తీయడం), ప్రెస్సింగు (బేళ్ళు కట్టడం), బెల్లం, చక్కెర లాంటివి ఈ రెండో రకంలోకి వచ్చాయి. ఆదోని, గుంటూరు వైపు ఉన్న పరిశ్రమ ఏమిటో గుర్తు తెచ్చుకోండి. జిన్నింగు మిల్లుల్లో దూది దుమ్ము మధ్య పనిచేసే కూలీకి బొంబాయి మిల్లు కార్మికుడి కంటే వారానికి ఆరు గంటలు ఎక్కువ రాసిపెట్టారు. పైగా సీజన్ అయ్యాక అతనికి పనే లేదు. ఈ తేడాని పూర్తిగా ఎత్తేసింది 1948 చట్టం.

ఎనిమిది గంటల పని అంబేడ్కర్ తెచ్చారంటారు, కరెక్టేనా?

కరెక్టే, కాకపోతే తిరుగుతున్న మెసేజ్‌లలో 14 గంటల నుంచి 8కి తగ్గించారు అని ఉంటుంది, అది సరికాదు. అప్పటికే 1934 చట్టం 10 గంటలు, 54 గంటలు అని ఉంది. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. కార్మికులు, యజమానులు, ప్రభుత్వం ముగ్గురూ కూర్చుని మాట్లాడే పద్ధతిని గట్టిపరిచారు. 1946లో ఫ్యాక్టరీ చట్టానికి సవరణ బిల్లు ఆయనే ప్రవేశపెట్టారు: ఏడాదంతా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 48, రోజుకి 9, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు జీతం. యుద్ధం అయిపోయి, ఉద్యోగాలు పోతున్న రోజుల్లో పనిగంటలు తగ్గిస్తే ఉన్న పని ఎక్కువ మందికి అందుతుందన్న ఆలోచన కూడా అందులో ఉంది. 1946 ఆగస్టు 1 నుంచి అమలైంది. నిజంగా జరిగినదే ఇంత పెద్దది, దానికి 14 అనే అంకె తగిలించాల్సిన అవసరం లేదు.

చట్టంలో రోజుకి ఎనిమిది అని ఉందా, తొమ్మిది అని ఉందా? ఓవర్‌టైమ్ లెక్క ఎలా?

2025 నవంబరు దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టంలో రోజుకి తొమ్మిది, వారానికి 48. ఎనిమిది అనేది ఆరు రోజులతో భాగిస్తే వచ్చే లెక్క. ఐదు గంటలు వరసగా చేశాక అరగంట విశ్రాంతి ఇవ్వాలని, విశ్రాంతితో కలిపి మొత్తం పదిన్నర గంటలు దాటకూడదని అందులో ఉండేది.

లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం. నెలకి 15,600 జీతం అనుకోండి. 26 రోజులతో భాగిస్తే రోజుకి 600, ఎనిమిదితో భాగిస్తే గంటకి 75. ఓవర్‌టైమ్ రేటు రెట్టింపు, అంటే 150. ఆ వారం ఆరు రోజులూ తొమ్మిదేసి గంటలు చేస్తే 54 అయ్యాయి, 48 పైన ఆరు గంటలు, 900 రూపాయలు. నెలకి 3,600 దగ్గర. చాలాచోట్ల ఈ ఆరు గంటలకి మామూలు రేటే కట్టి 450 చేతిలో పెడతారు, ఇంకా చాలాచోట్ల టీ, టిఫిన్‌తో సరిపెడతారు. జీతం తక్కువ కాబట్టి ఆ 450 అయినా వస్తే చాలని కార్మికుడే ఓవర్‌టైమ్ అడుగుతాడు. మేనేజర్లు వాళ్ళే చేస్తామంటున్నారు అని చెప్పేది దీన్నే.

వారానికి ఐదు రోజుల పని ఎవరు మొదలుపెట్టారు?

పెద్ద ఎత్తున మొదలుపెట్టింది హెన్రీ ఫోర్డ్. 1914లో ఎనిమిది గంటల రోజు, ఐదు డాలర్ల కూలి ఇచ్చాడు, 1926లో ఐదు రోజులు, 40 గంటలు చేశాడు. మంచితనంతో కాదు, ఆయనే చెప్పాడు, తీరిక లేని మనిషి కారు కొనడని. అంతకుముందే 1908లో న్యూ ఇంగ్లండులో ఒక మిల్లు యూదు కార్మికుల శనివారం ప్రార్థనల కోసం రెండు రోజులు సెలవిచ్చింది. అమెరికాలో 40 గంటలు చట్టంగా అమలయింది 1940లో. ఫ్రాన్సులో 1936లో దేశమంతా సమ్మెలతో ఆగిపోయాక 40 గంటలు, రెండు వారాల జీతంతో కూడిన సెలవు వచ్చాయి, 2000 నాటికి 35కి దిగారు. చైనా 1995లో ఐదు రోజులకి మారింది. దక్షిణ కొరియా ఓవర్‌టైమ్‌తో కలిపి 68 ఉన్న హద్దుని 2018లో 52కి తగ్గించింది.

రష్యాలో 1929లో ఒక వింత ప్రయోగం చేశారు. యంత్రం ఏ రోజూ ఆగకూడదని కార్మికుల్ని ఐదు గుంపులుగా విడగొట్టి, నాలుగు రోజులు పని, ఐదో రోజు సెలవు ఇచ్చారు, గుంపు గుంపుకీ సెలవు రోజు వేరు. భార్యకి ఒక రోజు, భర్తకి ఇంకో రోజు. సెలవులు ఎక్కువే వచ్చాయి కానీ ఇంటిల్లిపాదీ కలిసి కూర్చునే రోజు పోయింది. 1931 నుంచి మార్చుకుంటూ వచ్చి 1940లో మళ్ళీ ఏడు రోజుల వారానికే వచ్చారు. నైట్ షిఫ్టులు మారుతూ ఉండే ఇళ్ళలో వాళ్ళకి ఈ కష్టం చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఐదు రోజులు ఎవరికి ఉంది?

కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి 1985 నుంచి. ఆంధ్రప్రదేశ్ సచివాలయం 2016లో వెలగపూడికి మారినప్పుడు హైదరాబాదు నుంచి వచ్చే ఉద్యోగులకి ఐదు రోజులు ఇచ్చారు, దాన్ని ఏడాదికోసారి పొడిగిస్తూ వస్తున్నారు. బ్యాంకులకి 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు సెలవు, మిగతా శనివారాల మీద 2024లో యూనియన్లతో ఒప్పందం కుదిరినా ప్రభుత్వ అనుమతి దగ్గర ఆగింది. ఐటీలో ఐదు రోజులు వాడుక. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కంపెనీలకి దుకాణాల చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తూ వస్తున్నారు, కానీ వారానికి 48 గంటలు, వారపు సెలవు అనే షరతులతోనే. ఐటీకి ఏ చట్టమూ వర్తించదు అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సింగరేణిలో, రైల్వేలో లెక్క వేరా?

గనులకి 2025లో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చేదాకా చట్టమే వేరు. 1923 చట్టంలో భూమి మీద పనికి వారానికి 60, భూగర్భంలో 54. 1952 గనుల చట్టంతో రెండిటికీ 48, కాకపోతే లోపల దిగేవాళ్ళకి రోజుకి ఎనిమిదే. సింగరేణిలో మూడు షిఫ్టులు. వారపు సెలవు రోజున చేసే డ్యూటీని అక్కడ ప్లేడే అంటారు, ఆ రోజు రెట్టింపు వస్తుంది, అందుకే ప్లేడేలు తగ్గిస్తే గనుల మీద గొడవ మొదలవుతుంది. ఇక్కడ కూడా మళ్ళీ అదే ముడి: సెలవు కావాలి, కానీ సెలవు అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుంది.

రైల్వేలో ఇంజన్ నడిపేవాళ్ళ బాధ ఇంకా పెద్దది, బండి ఎక్కడ ఆగితే అక్కడిదాకా డ్యూటీ. 1973లో వాళ్ళు సమ్మె చేస్తే పది గంటలు మించకుండా చూస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. 1974 మే 8న మొదలై 20 రోజులు సాగిన దేశవ్యాప్త సమ్మె కోరికల్లో ఎనిమిది గంటల పని కూడా ఉంది. ఆ సమ్మెని అరెస్టులతో అణిచేశారు. లోకో పైలట్ల డ్యూటీ గంటల గొడవ ఈనాటికీ తీరలేదు.

ఇప్పుడు పది గంటలు అంటున్నారు కదా, వారానికి 48 అలాగే ఉందిగా, భయమెందుకు?

2025 జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల దాకా అనుమతించింది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం జూన్‌లో ఫ్యాక్టరీల్లో తొమ్మిదిని పది చేయడానికి ఒప్పుకుంది, సెప్టెంబరులో అసెంబ్లీ ఆమోదించింది. విశ్రాంతి ఐదు గంటలకి బదులు ఆరు గంటల తర్వాత. వారానికి 48 మారలేదు, నిజమే. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ వారానికి 48, ఓవర్‌టైమ్‌కి రెట్టింపు అని ఉంది.

కానీ అసలు మార్పు ఓవర్‌టైమ్ హద్దులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మూడు నెలలకి 75 గంటలు ఉన్నదాన్ని 144 చేశారు, తెలంగాణలోనూ 144. మూడు నెలలంటే 13 వారాలు. వారానికి 11 గంటలు. 48కి 11 కలిపితే 59. 1922 చట్టంలో ఉన్న 60కి ఒక్క గంట తక్కువ. రెట్టింపు జీతం కచ్చితంగా చేతికి వచ్చే చోట కొంతమందికి ఇది లాభమే, ఆ మాట కాదనను. జీతం చీటీ కూడా ఇవ్వని చోట, బయటి ఊళ్ళ నుంచి వచ్చి షెడ్డులోనే పడుకునే కార్మికుడి దగ్గర, నీ ఇష్టమైతేనే చెయ్యి అనే మాటకి విలువెంతో ఆలోచించండి.

70 గంటలు, 90 గంటలు పనిచేస్తేనే దేశం ఎదుగుతుందట, జర్మనీ, జపాన్ అలాగే ఎదిగాయట?

2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి 70 అన్నారు, యుద్ధం తర్వాతి జర్మనీ, జపాన్‌లని చూపించారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 అన్నారు. 90ని ఏడు రోజులతో భాగిస్తే రోజుకి దాదాపు 13 గంటలు, ఆదివారం కూడా కలిపి. అది 1911 చట్టం కంటే వెనక్కి వెళ్ళడం. 70 అయితే ఆ 72కి రెండు గంటలు తక్కువ.

ఇక జర్మనీ సంగతి. పశ్చిమ జర్మనీ బాగా వేగంగా ఎదుగుతున్న రోజుల్లోనే, 1956లో, అక్కడి లోహ పరిశ్రమ కార్మికులు 48ని 45 చేయించుకున్నారు. ఆ ఏడాది మేడేకి అక్కడి యూనియన్ల నినాదం శనివారం నాన్న నావాడు అని, పక్కన ఒక చిన్న పిల్లాడి బొమ్మ. 1967 నాటికి ఆ పరిశ్రమ 40కి వచ్చింది, 1995లో 35కి. జపాన్‌లో ఎక్కువ గంటలు చేసిన మాట నిజం, అతిపనితో వచ్చే చావుకి వాళ్ళ భాషలో కరోషి అని ప్రత్యేకంగా పేరు పెట్టుకోవాల్సి వచ్చిన మాట కూడా నిజం. వాళ్ళూ 1987లో చట్టం మార్చి 48 నుంచి 40 వైపు వచ్చారు. సొంత కంపెనీలో వాటా ఉన్నవాళ్ళు తమ కోసం ఎన్ని గంటలైనా పనిచేయొచ్చు, జీతానికి చేసేవాళ్ళకి ఆ లెక్క చెప్పడం న్యాయం కాదు.

ఇంట్లో ఆడవాళ్ళ పని ఈ లెక్కల్లో ఎక్కడ?

ఎక్కడా లేదు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద సగటున రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, ఆ పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 289ని ఏడుతో హెచ్చిస్తే వారానికి దాదాపు 34 గంటలు. బట్టల షోరూములో 48 గంటలు నిలబడి వచ్చే అమ్మాయికి దీన్ని కలిపి చూడండి. ఎవరి వారం ఎంత పొడుగో అప్పుడు అర్థమవుతుంది. ఆమెకి ఆదివారం అంటే వారం బట్టలన్నీ ఉతికే రోజు.

మరి 80 ఏళ్ళుగా 48 దగ్గరే ఎందుకు ఆగాం?

నాకు అర్థమైనంతలో మూడు కారణాలు. మొదటిది, ఫ్యాక్టరీ చట్టం కిందకి వచ్చేవాళ్ళే కొద్దిమంది. భవన నిర్మాణం, హోటళ్ళు, ఇటుక బట్టీలు, పొలం పనులు, డెలివరీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, వీళ్ళకి 48 కూడా ఒక కలే, వాళ్ళ దగ్గర 40 గురించి మాట్లాడితే నోరు తిరగదు. రెండోది, మూల జీతం మరీ తక్కువ పెట్టి ఓవర్‌టైమ్ మీద బతికేలా చేశారు, దాంతో గంటలు తగ్గించమని అడిగే గొంతు లోపలి నుంచే నొక్కుకుపోయింది. మూడోది, యూనియన్ల బలమంతా డీఏ, బోనస్, పర్మినెంట్ చేయడం మీద పోయింది, తర్వాత కాంట్రాక్టు పద్ధతి వచ్చి ఆ బలం కూడా చెదిరింది. 1911 నుంచి 1946 దాకా అలా లేదు: సమ్మెలు, అంతర్జాతీయ ఒత్తిడి, ప్రభుత్వంలో పట్టుదల ఉన్న మనుషులు, మూడూ కలిసొచ్చాయి.

2030 నాటికి వారానికి 15 గంటలు పనిచేస్తే చాలని ఆర్థికవేత్త కీన్స్ 1930లో రాశాడు. సంపద పెరుగుతుందని ఆయన వేసిన అంచనా చాలావరకు నిజమైంది. అది ఎవరి చేతికి వెళుతుందన్న దగ్గరే లెక్క తప్పింది.

నాలుగు రోజుల వారం మన దగ్గర వస్తుందా?

రెండు రకాల నాలుగు రోజులు ఉన్నాయి, కలిపేయకండి. ఐస్‌లాండ్‌లో 2015 నుంచి 2019 దాకా చేసిన ప్రయోగాల్లో జీతం తగ్గించకుండా గంటలే 40 నుంచి 35, 36కి తగ్గించారు. మన దగ్గర వినిపించేది 12 గంటల చొప్పున నాలుగు రోజులు, అది మళ్ళీ 48. దూరం నుంచి బస్సులో వచ్చేవాళ్ళకి ఒక రోజు ప్రయాణం తగ్గొచ్చు, కానీ 12 గంటలు యంత్రం దగ్గర నిలబడ్డ కాళ్ళకి అది తగ్గింపు కాదు. తమిళనాడు 2023 ఏప్రిల్‌లో 12 గంటలకి వీలిచ్చే బిల్లు పాస్ చేసింది, కార్మిక సంఘాలు గట్టిగా అడ్డుపడితే మేడే నాడు వెనక్కి తీసుకుంది.

నాకు 48 దాటించి డబ్బులివ్వట్లేదు, ఏం చేయాలి?

ముందు మీ లెక్క మీరు రాసుకోండి. ఏ తేదీన ఎన్నింటికి వెళ్ళారు, ఎన్నింటికి బయటపడ్డారు, ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ రాయండి. షిఫ్టు మెసేజ్‌లు, పంచింగ్ ఫొటోలు, జీతం చీటీలు దాచుకోండి. ఫ్యాక్టరీ అయితే ఇన్‌స్పెక్టర్ ఆఫ్ ఫ్యాక్టరీస్, దుకాణం, హోటల్, ఆఫీసు అయితే మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గర ఫిర్యాదు ఇవ్వొచ్చు. మేనేజర్, సూపర్‌వైజర్ హోదాలో ఉన్నవాళ్ళకి ఓవర్‌టైమ్ నిబంధన సాధారణంగా వర్తించదు, అయితే పేరుకి మాత్రమే సూపర్‌వైజర్ అని పెట్టి యంత్రం మీద పని చేయిస్తుంటే చేసే పనే లెక్కలోకి వస్తుంది, కాబట్టి ఆ పదవి పేరు చూసి ఆగిపోకండి. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రావాల్సిన జీతం కోసం మూడేళ్ళలోగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పాత వేతనాల చెల్లింపు చట్టంలో ఏడాదే ఉండేది. ఒక్కరే వెళ్ళడానికి భయమైతే అదే షిఫ్టులో ఉన్న నలుగురు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి, యూనియన్ ఉంటే వాళ్ళ ద్వారా ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేసిన కాపీ మాత్రం తప్పకుండా తెచ్చుకోండి.